మేరీ షెల్లీ రాసిన ఫ్లాష్‌బ్యాక్

2002లో వచ్చిన రెసిడెంట్ ఈవిల్ రీమేక్ ఆడినవాళ్లకి లీసా ట్రెవర్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆడనివాళ్ల కోసం రెండు ముక్కలు. అడవిలో ఒక పాత గుడిసె. అక్కడ చేతులకి సంకెళ్లతో, వంగిపోయిన నడుముతో ఒక ఆకారం మన మీదకి వస్తుంది. ఎన్ని బుల్లెట్లు కాల్చినా చావదు. మొదటిసారి ఎవరైనా పరిగెత్తడమే. తర్వాత అక్కడక్కడా దొరికే కాగితాలు చదువుతూ పోతే అసలు సంగతి తెలుస్తుంది. ఆ భవనం కట్టిన ఆర్కిటెక్ట్ కూతురు ఆమె. 1967లో తల్లినీ కూతుర్నీ బంధించి వాళ్ల మీద వైరస్ ప్రయోగాలు చేశారు. తల్లి చనిపోయింది. పిల్ల చావలేదు, అమ్మని వెతకడం మానలేదు. చివర్లో అమ్మ శవపేటిక తెరుచుకున్నప్పుడు లోపలున్న పుర్రె తీసుకుని అగాధంలోకి దూకేస్తుంది. (ఇరవయ్యేళ్లు దాటిన గేమ్ కాబట్టి స్పాయిలర్ అని తిట్టకండి.)

ఆ కాగితాలు చదవకముందు లీసా అంటే నాకు భయం. చదివాక కూడా భయమే, కానీ రాత్రి పడుకున్నాక గుర్తొచ్చే రకం భయం. మిగతా జాంబీలు ఒక్కటి కూడా అలా గుర్తుండలేదు.

దెయ్యానికి ఫ్లాష్‌బ్యాక్ ఉండటం మనకి కొత్తేం కాదు. చంద్రముఖి సినిమాలో ఫ్లాష్‌బ్యాక్ అయిపోయాక ఆ గది తలుపుని మనం చూసే చూపే మారిపోతుంది. అయితే దెయ్యం కథ మధ్యలో కూర్చుని, తనకేం జరిగిందో తన నోటితో తనే చెప్పుకోవడం అనేది వేరే లెవెల్. ఆ పని చాలా ముందే, చాలా గట్టిగా చేసిన మనిషి లండన్‌లో పుట్టిన ఒక అమ్మాయి. మొదలుపెట్టినప్పుడు ఆమెకి 18 ఏళ్లు, డ్రాఫ్ట్ పూర్తయ్యేసరికి 19. అంటే ఇప్పటి నా వయసు. పేరు మేరీ షెల్లీ, పుస్తకం ఫ్రాంకెన్‌స్టైన్. గేమ్స్ వాళ్లు ఆమె దగ్గర్నించే తీసుకున్నారని నేననను. కానీ హారర్‌లో బ్యాక్‌స్టోరీ ఎందుకు కావాలి అని ఎవరైనా అడిగితే నాకు మొదట గుర్తొచ్చేది ఆమె జీవితమే.

మేరీ 1797 ఆగస్టు 30న పుట్టింది. అమ్మ పేరు కూడా మేరీయే, మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్. ఆడవాళ్లకీ మగవాళ్లతో సమానంగా చదువు కావాలని 1792లోనే పుస్తకం రాసిన మనిషి. నాన్న విలియం గాడ్విన్, ప్రభుత్వాలే అక్కర్లేదని వాదించిన ఫిలాసఫర్. ఇద్దరూ అప్పటి లండన్‌లో పెద్ద పేర్లు. కాన్పు అయింది, పాప బాగానే ఉంది, కానీ మాయ పడలేదు. డాక్టర్‌ని పిలిపిస్తే ఆయన చేత్తోనే ముక్కలు ముక్కలుగా బయటికి తీశాడు. చేతులు కడుక్కోవాలని అప్పటికి డాక్టర్లకి తెలీదు. తల్లికి బాలింత జ్వరం వచ్చింది. సెప్టెంబర్ 10న చనిపోయింది. అప్పటికి పాప వయసు పదకొండు రోజులు.

ఈ పదకొండు రోజుల లెక్క మనసులో పెట్టుకోండి. తను పుట్టడమే తల్లి చావుకి కారణం అని తెలిసి పెరిగిన పిల్ల, పెద్దయ్యాక రాసిన కథలో ఒక జీవి పుట్టగానే పుట్టించినవాడు భయపడి పారిపోతాడు.

గాడ్విన్ భార్య పోయిన కొన్ని నెలలకే, 1798లో, ఆమె జీవితచరిత్ర అచ్చేశాడు. ప్రేమతోనే రాశాడు, ఏదీ దాచలేదు. పెళ్లికి ముందు ఆమెకి ఇంకొకరితో ఫ్యానీ అనే కూతురు పుట్టడం, రెండుసార్లు ఆత్మహత్యాయత్నం చేయడం, అన్నీ రాసేశాడు. జనం ఏం చేశారు? ఆమె రాసిన పుస్తకాలు పక్కన పడేసి ఆ విషయాలే పట్టుకున్నారు. చాలా ఏళ్లు ఆమె పేరెత్తితే తిట్టుకోవడమే. బ్యాక్‌స్టోరీ చెప్పేస్తే అందరికీ జాలి పుడుతుందని గ్యారంటీ ఏమీ లేదన్నమాట. ఎవరు చెప్తున్నారు, ఎవరు వింటున్నారు అనేది చాలా ముఖ్యం. మేరీ ఈ పాఠం ఇంట్లోనే నేర్చుకుని ఉంటుందని నా అనుమానం.

చిన్న మేరీ అక్షరాలు నేర్చుకున్నది సెయింట్ పాన్‌క్రాస్ చర్చి ఆవరణలో, అమ్మ సమాధి రాయి మీద చెక్కిన పేరుని వేలితో దిద్దుతూ అని చెప్తారు. ఇద్దరి పేరూ ఒకటే కాబట్టి, ఆ రాయి మీద దిద్దుతున్నది తన పేరు కూడా. ఇదేదో హారర్ గేమ్‌కి ఓపెనింగ్ కట్‌సీన్‌లా ఉంది కానీ, పిల్లకి అది రోజూ వెళ్లే చోటు. పెద్దయ్యాక కూడా పుస్తకం పట్టుకుని అక్కడికే వెళ్లి కూర్చునేది.

1801లో నాన్న రెండో పెళ్లి చేసుకున్నాడు. ఆ ఇంట్లో ఐదుగురు పిల్లలు, ఏ ఇద్దరికీ అమ్మా నాన్నా ఇద్దరూ ఒకరే కాదు. సవతి తల్లితో మేరీకి పడలేదు. ఇంటికి మాత్రం పెద్ద పెద్ద రచయితలు వచ్చేవాళ్లు. ఒక రాత్రి కవి కోల్‌రిడ్జ్ వచ్చి దెయ్యాల ఓడ ఉన్న తన పెద్ద పద్యం చదువుతుంటే, పడుకోవాల్సిన మేరీ సోఫా వెనక దాక్కుని విన్నదని ఒక కథ ఉంది. ఆ పద్యం తర్వాత ఫ్రాంకెన్‌స్టైన్‌లో కూడా తొంగి చూస్తుంది.

ఇక పెర్సీ షెల్లీ. పెద్ద కవి, ఒప్పుకుంటాను. మనిషి మీద మాత్రం నాకు అంత గౌరవం లేదు. 1814లో మేరీకి 16, అతనికి 21. అప్పటికే పెళ్లయింది, భార్య హ్యారియెట్ కడుపుతో ఉంది. మేరీ, పెర్సీ కలుసుకునేది కూడా ఆ సమాధి దగ్గరే. జులై 28 తెల్లవారుజామున ఇద్దరూ ఫ్రాన్స్‌కి పారిపోయారు. సవతి చెల్లెలు క్లేర్ కూడా వాళ్లతోనే వెళ్లింది. పెళ్లి అనే వ్యవస్థనే తిడుతూ పుస్తకం రాసిన గాడ్విన్, సొంత కూతురు అదే పని చేసేసరికి ఇంటి తలుపులు మూసేశాడు. రెండేళ్లకి పైగా మొహం చూడలేదు. ఆ రెండేళ్లూ పెర్సీ దగ్గర అప్పు అడగడం మాత్రం ఆపలేదు.

1815 ఫిబ్రవరిలో మేరీకి నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. పేరు కూడా పెట్టలేదు. మార్చి 6 పొద్దున చూస్తే పాప చనిపోయి ఉంది. ఆ నెలలోనే మేరీ డైరీలో ఒక కల గురించి రాసుకుంది. పాప నిజంగా చనిపోలేదట, ఒళ్లు చల్లబడింది అంతే, మంట దగ్గర పెట్టి రుద్దితే మళ్లీ బతికిందట. మెలకువ వచ్చి చూస్తే పాప లేదు. ఇది రాసినప్పుడు ఆమెకి 17 ఏళ్లు.

ఫ్రాంకెన్‌స్టైన్ ఎలా పుట్టిందో చెప్పేటప్పుడు అందరూ జెనీవా సరస్సు, ఉరుములు, మెరుపులు అని మొదలుపెడతారు. నాకైతే ఈ కల దగ్గరే మొదలవుతుంది. చచ్చిన ఒంట్లోకి మళ్లీ ప్రాణం రావడం అనే ఆలోచన ఆమెకి సైన్స్ కబుర్ల నుంచి మాత్రమే రాలేదు.

సరే, జెనీవా కూడా చెప్పాలి. 1815 ఏప్రిల్‌లో ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలింది. ఆ ధూళి వాతావరణంలో అంత పైకి వెళ్లడంతో, మరుసటి ఏడాది యూరప్‌లో ఎండాకాలమే రాలేదు. చలి, వాన, వాన. ఆ 1816 ఎండాకాలానికి మేరీ, పెర్సీ, క్లేర్, జనవరిలో పుట్టిన బాబు విలియం, అందరూ స్విట్జర్లాండ్ వెళ్లారు. పక్కనే విల్లా డియోడాటి అనే ఇంట్లో లార్డ్ బైరన్, అతని డాక్టర్ పాలిడోరి దిగారు. బయటికి పోవడానికి లేదు. జర్మన్ నుంచి ఫ్రెంచ్‌లోకి వచ్చిన దెయ్యం కథల పుస్తకం ఒకటి దొరికితే చదువుకున్నారు. మనం కూడా తలా ఒకటి రాద్దాం అన్నాడు బైరన్. ఒక రకంగా గేమ్ జామ్ అనుకోండి. థీమ్ దెయ్యం, టీమ్ సైజ్ ఒకటి.

ఆ జామ్‌లో ఇద్దరు పెద్ద కవులూ దాదాపు మధ్యలోనే వదిలేశారు. బైరన్ ఒక ముక్క రాసి ఆపేశాడు. దాన్ని పట్టుకుని పాలిడోరి తర్వాత వ్యాంపైర్ కథ రాశాడు, అది 1819లో అచ్చయింది. మేరీకి మాత్రం రోజులు గడిచినా ఏమీ తట్టలేదు. రోజూ పొద్దున్నే ఏమైనా దొరికిందా అని అడిగేవాళ్లు, రోజూ లేదని చెప్పాల్సి వచ్చేది. (హ్యాకథాన్‌లో కూర్చున్న ఎవరికైనా ఈ బాధ అర్థమవుతుంది.) ఒక రాత్రి బైరన్, పెర్సీ ప్రాణం అంటే ఏమిటి, కరెంటుతో శవాన్ని కదిలించొచ్చా అని మాట్లాడుకుంటున్నారు. ఇది ఊరికే ఊహ కాదు. 1803లో లండన్‌లో అల్దినీ అనే ఇటలీ శాస్త్రవేత్త, ఉరితీసిన ఒక ఖైదీ శవానికి కరెంటు పెట్టి దవడ, చెయ్యి కదిలేలా చేసి చూపించాడు. మేరీ పక్కన కూర్చుని వింది. ఆ రాత్రి నిద్ర పట్టక కళ్లు మూసుకుంటే ఒక దృశ్యం కనిపించింది. ఒక కుర్రాడు తను తయారుచేసిన శరీరం పక్కన మోకాళ్ల మీద ఉన్నాడు. అది కదిలింది. భయపడి పారిపోయి పడుకున్నాడు. కళ్లు తెరిస్తే అదే వచ్చి మంచం తెర తీసి తనవైపే చూస్తోంది.

చూశారా, ఇది పక్కా జంప్‌స్కేర్. మేరీ మరుసటి రోజు రాయడం మొదలుపెట్టింది కూడా ఆ సీన్ తోనే. కొన్ని పేజీల చిన్న కథ, చదివినవాడు ఉలిక్కిపడితే చాలు, అంతే ఆమె ప్లాన్. కథని పెద్దది చెయ్యమని పెర్సీ పట్టుబట్టాడు. (ఇక్కడ మాత్రం అతనికి మార్కులు ఇస్తాను.) ఆ తర్వాత ఇంచుమించు ఏడాది పాటు ఆమె చేసిన పని ఏమిటంటే, ఆ ఒక్క సీన్‌కి ముందూ వెనకా మనుషుల్ని పెట్టడం. జంప్‌స్కేర్ ఒక రాత్రిలో వచ్చింది. మిగతాదంతా బ్యాక్‌స్టోరీ.

పుస్తకం కట్టడం ఎలా ఉంటుందంటే, మొదట ఒక ఓడ కెప్టెన్ అక్కకి రాసే ఉత్తరాలు. అందులో విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ చెప్పే కథ. దాని లోపల, సరిగ్గా నడిమధ్యలో, ఆ జీవి చెప్పుకునే కథ. ఫంక్షన్‌లో ఫంక్షన్, అందులో ఇంకో ఫంక్షన్. ఇప్పుడు మనం ఎక్కువగా చదివే 1831 ఎడిషన్లో 24 అధ్యాయాలుంటే 11 నుంచి 16 వరకు ఆ జీవి మాటలే. అప్పటిదాకా విక్టర్ చెప్పినదాన్ని బట్టి అదొక రాక్షసి అనుకుంటాం. అప్పుడు అది నోరు విప్పుతుంది.

ఇక్కడ ఒక తెలుగు సమస్య వచ్చింది నాకు. ఇంగ్లీష్‌లో చదివినప్పుడు పట్టించుకోలేదు కానీ తెలుగులో రాయడానికి కూర్చుంటే, ఆ జీవిని ఏమని పిలవాలి? అదా, వాడా, అతనా? ఇంగ్లీష్‌లో ఎంచుకోవాల్సింది రెంటిలో ఒకటి. మనకి మర్యాద కూడా లెక్కలోకి వస్తుంది, ప్రతి క్రియ చివరా తేల్చి చెప్పాలి. పైన నేను అది కదిలింది, అది నోరు విప్పుతుంది అని రాశాను. పదకొండో అధ్యాయం తర్వాత అలా రాయడానికి చెయ్యి రాలేదు. కాబట్టి ఇక్కణ్నించి అతను.

అతను పుట్టినప్పుడు వెలుతురు, చలి, ఆకలి తప్ప ఏమీ తెలీదు. అడవిలో తిరిగి, మంట కాలుతుందని చెయ్యి పెట్టి తెలుసుకుని, ఒక ఇంటి పక్కన పాకలో దాక్కుంటాడు. గోడ సందులోంచి ఆ ఇంటివాళ్లని నెలల తరబడి చూస్తూ మాటలు నేర్చుకుంటాడు. వాళ్లకి తెలీకుండా రాత్రిళ్లు కట్టెలు కొట్టి తెచ్చి పెడతాడు. అడవిలో దొరికిన సంచీలోని మూడు పుస్తకాలతో చదువు నేర్చుకుంటాడు. ఇక నాకు బాగా నచ్చిన సంగతి: విక్టర్ ల్యాబ్ నుంచి వచ్చేటప్పుడు వేసుకున్న కోటు జేబులో కొన్ని కాగితాలుంటాయి. చదవడం వచ్చాక అవి తీసి చూస్తే, తనని ఎలా తయారుచేశారో, చేస్తున్నవాడికి ఎంత అసహ్యం వేసిందో తేదీలతో సహా అందులో ఉంది.

మనం గేమ్‌లో డ్రాయర్ తెరిచి డైరీ పేజీ తీసి చదువుతామే, అదే. కాకపోతే ఇక్కడ చదువుతున్నది మాన్‌స్టర్. 2010లో వచ్చిన అమ్నీషియా: ద డార్క్ డిసెంట్‌లో డేనియల్ తన గతం మర్చిపోయి లేచి, తను రాసుకున్న పేజీలు తనే ఏరుకుంటూ, చివరికి తను ఎలాంటివాడో తెలుసుకుని వణికిపోతాడు. 2001లో వచ్చిన సైలెంట్ హిల్ 2లో జేమ్స్ కూడా అంతే, చనిపోయిన భార్య నుంచి ఉత్తరం వచ్చిందని వెతుక్కుంటూ వెళ్లినవాడు తన గతం దగ్గరికే చేరతాడు. ఆ రెండూ ఆడినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ కోటు జేబే.

తర్వాత అతను ధైర్యం చేసి ఆ ఇంట్లోని గుడ్డి తాతతో మాట్లాడతాడు. తాతకి అతని రూపం కనపడదు, మాట మాత్రమే వినపడుతుంది. దయగానే మాట్లాడతాడు. ఇంతలో కొడుకు వచ్చి కర్రతో చితక్కొడతాడు. ఇంకోసారి నీళ్లలో మునిగిపోతున్న అమ్మాయిని బయటికి తీస్తే తుపాకీతో కాలుస్తారు. ఆ తర్వాతే మొదటి హత్య. చనిపోయినవాడు విక్టర్ చిన్న తమ్ముడు, పసివాడు. వాడి పేరు విలియం. మేరీ ఇది రాస్తున్నప్పుడు పక్కన ఉయ్యాలలో ఉన్న సొంత కొడుకు పేరు కూడా విలియమే. ఆ పేరే ఎందుకు పెట్టిందో ఎంత ఆలోచించినా నాకు ఒళ్లు జలదరించడం తప్ప సమాధానం దొరకలేదు.

అతను అడిగింది విన్నాక కూడా ఆ హత్య తప్పే. మేరీ ఎక్కడా దాన్ని మాఫ్ చెయ్యదు. బ్యాక్‌స్టోరీ అంటే విలన్‌కి క్లీన్ చిట్ అనుకునేవాళ్లు ఇక్కడే పొరబడతారు. ఆమె చేసిందల్లా, మనం ఆ హత్యని చూస్తూ విక్టర్ వైపు కూడా ఒకసారి తల తిప్పేలా చెయ్యడం.

మా బ్యాచ్ నలుగురం ఈ సెమ్ మినీ ప్రాజెక్ట్‌కి ఒక చిన్న హారర్ గేమ్ చేస్తున్నాం. అందులో ఇదే గొడవ. ఐదు నిమిషాల డెమోలో నోట్స్ ఎవడు చదువుతాడు, తలుపు తీయగానే మొహం మీదకి దూకితే చాలు అని ఒకడంటాడు. వాడు చెప్పేదాంట్లో పాయింట్ ఉంది, ఎవాల్యుయేషన్‌కి వచ్చే సార్ నోట్స్ చదవరు. కానీ రెండోసారి ఆ తలుపు తీసినప్పుడు ఏముంటుంది అనేది నా ప్రశ్న. వాదన ఇంకా తేలలేదు.

మేరీ పుస్తకం రాస్తుండగానే ఇంట్లో చావులు మొదలయ్యాయి. 1816 అక్టోబర్‌లో అక్క ఫ్యానీ స్వాన్సీ ఊళ్లో ఒక సత్రంలో లాడనమ్ తాగి ప్రాణం తీసుకుంది. పక్కన ఉత్తరం ఉంది, అందులో సంతకం ఉన్న చోటు చింపేసి ఉంది. పేరు లేకుండా పోవాలనుకుందో ఏమో. డిసెంబర్‌లో పెర్సీ మొదటి భార్య హ్యారియెట్ శవం లండన్‌లో ఒక చెరువులో దొరికింది. అదే నెల 30న మేరీ, పెర్సీ పెళ్లి చేసుకున్నారు. అప్పుడు గాడ్విన్ కూతురితో మళ్లీ మాట్లాడాడు.

1818 జనవరి 1న ఫ్రాంకెన్‌స్టైన్ 500 కాపీలు అచ్చయింది. రచయిత పేరు లేదు. ముందుమాట పెర్సీ రాశాడు, అంకితం గాడ్విన్‌కి. దాంతో వాల్టర్ స్కాట్ లాంటివాడు కూడా ఇది పెర్సీయే రాశాడనుకుని రివ్యూ రాశాడు. ఇప్పటికీ కొందరు అదే అంటుంటారు. చేతిరాత నోట్‌బుక్కులు ఆక్స్‌ఫర్డ్‌లో బోడ్లియన్ లైబ్రరీలో ఉన్నాయి. మేరీ చేతిరాత, పక్కన పెర్సీ దిద్దుబాట్లు, రెండూ కనిపిస్తాయి. మన భాషలో చెప్పాలంటే కమిట్లు ఆమెవి, రివ్యూ కామెంట్లు అతనివి.

ఆ సంవత్సరమే వాళ్లు ఇటలీ వెళ్లారు. సెప్టెంబర్‌లో వెనిస్‌లో ఏడాది పాప క్లారా పోయింది. 1819 జూన్‌లో రోమ్‌లో విలియం జ్వరంతో పోయాడు, మూడేళ్లు. కథలో తను చంపిన పేరు. ఆ నవంబర్‌లో పుట్టిన పెర్సీ ఫ్లోరెన్స్ ఒక్కడే చివరిదాకా మిగిలాడు. 1822 జూన్‌లో గర్భం పోయి రక్తం ఆగకపోతే, పెర్సీ ఆమెని ఐసు నింపిన తొట్టిలో కూర్చోబెట్టి బతికించాడు. నెల తిరక్కుండానే, జులై 8న, పడవ మునిగి అతనే పోయాడు. సముద్రపు ఒడ్డున దహనం చేస్తే గుండె మాత్రం కాలలేదని స్నేహితులు చెప్పారు. గొడవలు పడి చివరికి దాన్ని మేరీకి ఇచ్చారు. అప్పటికి ఆమెకి ఇంకా 25 నిండలేదు.

1823లో మేరీ ఇంగ్లండ్ తిరిగి వచ్చేసరికి తన కథ లండన్‌లో నాటకంగా ఆడుతోంది. ఆమె కూడా వెళ్లి చూసింది. పాత్రల పట్టికలో ఆ జీవి పేరు ఉండాల్సిన చోట ఖాళీ గీతలు పెట్టారు. పేరు లేనివాడికి పేరు రాయకుండా వదిలెయ్యడం ఆమెకి భలే నచ్చింది. నాటకంలో ఇంకో మార్పు కూడా ఉంది. అతనికి డైలాగులే లేవు. ఆరు అధ్యాయాలు మాట్లాడినవాణ్ని మూగవాణ్ని చేశారు.

ఆ మూగతనమే అతనికి అంటుకుపోయింది. 1931 సినిమాలో బోరిస్ కార్లోఫ్ కూడా మాట్లాడడు, మూలుగుతాడు. అంతకన్నా ఘోరం, అతను ఎందుకు చెడ్డవాడయ్యాడంటే అసిస్టెంట్ మంచి మెదడు జార పడేసి నేరస్థుడి మెదడు పట్టుకొచ్చాడట! మేరీ కథలో మెదడు బాగానే ఉంది. పాడైంది లోకం అతనికిచ్చిన ట్రైనింగ్ డేటా. సినిమావాళ్లు దాన్ని హార్డ్‌వేర్ డిఫెక్ట్ చేసి పడేశారు. కార్లోఫ్ కళ్లలో మాత్రం ఆ బాధ ఎక్కడో మిగిలింది, అందుకే ఆ సినిమా ఇప్పటికీ చూడగలం. 1935లో వచ్చిన రెండో భాగంలో గుడ్డి తాత తిరిగొచ్చాడు, అతనికి కొన్ని మాటలూ తిరిగొచ్చాయి.

భర్త పోయాక మేరీ రాసి సంపాదించుకునే బతికింది. మహమ్మారితో మనుషులందరూ పోయి ఒక్కడే మిగిలే నవల, ద లాస్ట్ మ్యాన్, 1826లో రాసింది. మామగారు సర్ తిమొతీ మనవడి కోసం కొంత డబ్బిచ్చేవాడు, ఒక కండిషన్ మీద: పెర్సీ జీవితచరిత్ర రాయకూడదు. డబ్బు కావాలి, రాయక తప్పదు. 1839లో పెర్సీ పద్యాలన్నీ అచ్చేస్తూ, ఒక్కో భాగం కింద ఇది ఎక్కడ రాశాడు, అప్పుడు ఏం జరుగుతోంది అని నోట్స్ రాసింది. అవన్నీ ఏరి వరసగా చదివితే జీవితచరిత్ర. అడ్డంగా చెప్పొద్దన్న కథని కలెక్టబుల్ నోట్స్‌లో దాచిపెట్టింది, ఇంతకన్నా తెలివైన గేమ్ డిజైనర్ ఎవరు?

1831లో ఫ్రాంకెన్‌స్టైన్ కొత్త ఎడిషన్‌కి తనే ముందుమాట రాసింది. అంత చిన్న వయసులో ఇంత భయంకరమైన ఆలోచన ఎలా వచ్చిందని అందరూ అడుగుతున్నారని, అందుకే చెప్తున్నానని. జెనీవా వాన, బైరన్ పందెం, ఆ రాత్రి దృశ్యం, అన్నీ మనకి తెలిసింది ఎక్కువగా అక్కణ్నించే. చనిపోయిన పాప గురించి, ఆ కల గురించి అందులో ఒక్క ముక్క లేదు. అది డైరీలోనే ఉండిపోయింది.

మేరీ 1851 ఫిబ్రవరి 1న లండన్‌లో చనిపోయింది, 53 ఏళ్లకి. ఏడాది తర్వాత కొడుకూ కోడలూ ఆమె రాతబల్ల పెట్టె తెరిచారు. పోయిన పిల్లల జుట్టు కుచ్చులు, పెర్సీతో కలిసి రాసుకున్న నోట్‌బుక్, అతని పద్యం ఒకటి. ఆ పద్యం పేజీలో చుట్టిన పట్టుగుడ్డలో కొంచెం బూడిద, గుండెలో మిగిలిన భాగం.

అమ్మా నాన్నల పక్కనే పూడ్చమని ఆమె కోరింది. సెయింట్ పాన్‌క్రాస్ ఆవరణ అప్పటికి చాలా పాడుబడిందని కోడలికి మనసొప్పలేదు. బోర్న్‌మత్‌లో ఒక చర్చి దగ్గర పూడ్చి, గాడ్విన్, వోల్‌స్టన్‌క్రాఫ్ట్‌ల శవపేటికల్ని కూడా తవ్వించి అక్కడికే తెప్పించింది. పుట్టిన పదకొండో రోజున విడిపోయిన తల్లీకూతుళ్లు ఇప్పుడు అక్కడే ఉన్నారు. సమాధి రాయిని మాత్రం కదపలేదు. పేరు చెక్కిన ఆ రాయి ఇంకా లండన్‌లోనే ఉంది, కింద ఆమె లేకుండా.